ధర వేరు, విలువ వేరు

విద్యార్థులారా! బియ్యం కొనేటప్పుడు మన పెద్దవాళ్ళు గింజను అరచేతిలో వేసుకుని చూస్తారు. వంకాయ కొనేటప్పుడు తొడిమ చూస్తారు. చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూస్తారు. కాని ల్యాప్‌టాప్ కొనేటప్పుడు మాత్రం చాలామందిమి ధర చీటీ ఒక్కటే చూసి ఇంటికి తెచ్చుకుంటాము. అందులో గింజ ఏదో, తొడిమ ఏదో మనకు తెలియదు. ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకుందాము.

ముందుగా నా సొంత అనుభవం ఒకటి చెబుతాను.

2021 మార్చిలో మన మారిషస్‌లో రెండవసారి లాక్‌డౌన్ వచ్చి బడులు మూతపడ్డాయి. అప్పుడు మా పెద్దమ్మాయి పదకొండవ తరగతి చదువుతున్నది. పాఠాలు ఇంటి నుంచే వినాలి. ఇంట్లో ఉన్నది ఒక్క మంచి ఫోను. అదే ఫోనులో నేను మా బడి పిల్లలకు తెలుగు పాఠం చెప్పాలి. ఇద్దరికీ ఒకే వేళకు పని పడేది. అందుకని దుకాణాలు తెరవగానే వెళ్ళి 14 అంగుళాల కొత్త ల్యాప్‌టాప్ ఒకటి వాయిదాల మీద తెచ్చాను. వెండి రంగు, పలుచని అంచులు, చేతిలో పుస్తకమంత తేలిక. రొక్కం ధర 15,000 రూపాయలు. వాయిదా అయితే నెలకు 800 రూపాయల చొప్పున 24 నెలలు. చౌకగా దొరికిందని అందరికీ చెప్పుకున్నాను.

ఎనిమిది నెలలు బాగానే నడిచింది. ఆ తరువాత మీట నొక్కితే తెర వెలగడానికి ఐదారు నిమిషాలు పట్టసాగింది. ప్రతి వారం "స్థలం చాలదు" అన్న మాట తెర మీద కనిపించేది. ఫొటోలు తీసివేశాము, పాత పాఠాలు తీసివేశాము. మళ్ళీ అదే మాట. చివరకు రోజ్‌హిల్‌లో మరమ్మతు చేసే ఒకాయన దగ్గరకు తీసుకువెళ్ళాను. ఆయన వెనుక మూత విప్పి చూసి, "టీచర్‌గారూ, ఇందులో మార్చడానికి ఏమీ లేదు. అన్నీ పలకకే అతికించేశారు" అన్నాడు. చూసినందుకు డబ్బులు కూడా తీసుకోలేదు. ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే ఇంకా 14 వాయిదాలు కట్టవలసి ఉన్నది. ఆ సంవత్సరం మా అమ్మాయి తన పని రాసుకోవడానికి సాయంత్రాలు పిన్నిగారింటికి వెళ్ళవలసి వచ్చింది.

దుకాణం వారు నన్ను మోసం చేయలేదు. అన్ని వివరాలూ పెట్టె మీద అచ్చు వేసే ఉన్నాయి. వాటిని చదవడం నాకు రాలేదు. పిల్లలకు అక్షరాలు నేర్పే నేనే ఆ నాలుగు పంక్తులు చదవలేకపోయాను. మీకు అలా జరగకూడదనే ఈ పాఠం రాస్తున్నాను.

మూడు ప్రశ్నలు

ఏ వస్తువైనా చౌకగా అమ్ముతున్నారంటే, తయారు చేసినవారు అందులో ఏదో ఒకటి తగ్గించి ఉంటారు. అది తప్పు కాదు. అన్నీ మేలైనవే పెడితే ధర మనకు అందదు. కనుక చౌక వస్తువు కొనేవారు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది: ఇందులో తగ్గించినది ఏమిటి?
రెండవది: అది తక్కువైతే నా పని జరుగుతుందా?
మూడవది: రేపు కావాలంటే దానిని సరిచేసుకోవచ్చునా?

ఈ మూడింటిలో మూడవ ప్రశ్నను మనం తరచుగా మరచిపోతాము. రంగు బాగా లేకపోతే సర్దుకోవచ్చు. బరువు ఎక్కువైతే మోయవచ్చు. శబ్దం చిన్నగా ఉంటే చెవులకు వేరే సాధనం తగిలించుకోవచ్చు. కాని కొన్ని లోపాలు కొన్ననాటి నుంచి పారవేసే వరకు అలాగే ఉంటాయి. వాటి దగ్గరే జాగ్రత్త పడాలి.

బల్ల, బీరువా

ల్యాప్‌టాప్ పెట్టె మీద "4 జీబీ", "64 జీబీ" అని రెండు అంకెలు కనిపిస్తాయి. రెండింటికీ జీబీ అనే పేరు ఉన్నా, అవి రెండు వేరు వేరు వస్తువులు.

మీరు చదువుకునే బల్లను ఊహించుకోండి. బల్ల పెద్దదైతే నిఘంటువు, నోటు పుస్తకం, పటం అన్నీ పరచుకుని పని చేయవచ్చు. చిన్నదైతే ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలి. కాలమంతా తీయడంలో, పెట్టడంలో పోతుంది. ఆ బల్ల వంటిదే ర్యామ్. పుస్తకాలు దాచుకునే బీరువా వంటిది నిలువ స్థలం.

విండోస్ 11 నడవడానికి దానిని తయారు చేసిన మైక్రోసాఫ్ట్ సంస్థ చెప్పిన కనీస కొలత 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిలువ స్థలం. కనీసం అంటే అర్థం ఏమిటి? నడుస్తుంది అని మాత్రమే. హాయిగా నడుస్తుంది అని కాదు. వీడియోలో పాఠం వింటూ, పక్కన నోట్సు రాసుకుంటూ, మరొక కిటికీలో నిఘంటువు చూడాలంటే 8 జీబీ ర్యామ్ ఉండాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ పలక ఊడదీసి పెద్దది పెట్టుకోవచ్చు. కొన్నింటిలో అతికించివేస్తారు. కనుక "ఎంత ఉన్నది?" అని అడగడంతో ఆపకండి. "పెంచుకోవచ్చునా?" అని కూడా అడగండి.

ఇక బీరువా లెక్క చూడండి. తయారీదారు 1 జీబీ అంటే 100 కోట్ల బైట్లు అని లెక్కిస్తాడు. విండోస్ మాత్రం 1,07,37,41,824 బైట్లను 1 జీబీగా చూపుతుంది. అందువల్ల 64 జీబీ అని రాసినది తెర మీద సుమారు 59.6 జీబీ అని కనిపిస్తుంది. అందులో విండోస్‌కే 20 జీబీకి పైగా పోతుంది. అప్పుడప్పుడు వచ్చే పెద్ద మార్పులకు మరికొంత ఖాళీ కావాలి. మిగిలిన దానిలో మనం సర్దుకోవాలి. మా ల్యాప్‌టాప్‌కు పట్టిన రోగం ఇదే.

నిలువ స్థలంలో రకాలు కూడా ఉన్నాయి. చాలా చౌక వాటిలో ఈఎంఎంసీ అనే రకం ఉంటుంది. అది నెమ్మది, పైగా పలకకు అతికించి ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ అనే రకం దానికంటె వేగం. ఎక్కువ ల్యాప్‌టాప్‌లలో దానిని విప్పి పెద్దది పెట్టుకోవచ్చు. కనుక నా వంటివారు 500 జీబీ కావాలని ఆశపడనక్కరలేదు. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే ఇంటి పనికి, చదువుకు సరిపోతుంది.

మెదడు

లెక్కలు చేసే భాగాన్ని ప్రాసెసర్ అంటారు. "ఇంటెల్" అని అంటించిన చీటీ చూసి మంచిదే అనుకోకండి. ఒకే సంస్థ చౌక రకమూ చేస్తుంది, ఖరీదైన రకమూ చేస్తుంది. ఇంటెల్ వారు తమ చౌక రకాలకు పెట్టిన సెలెరాన్, పెంటియమ్ అనే పేర్లను కొత్త ల్యాప్‌టాప్‌లకు 2023 నుంచి మానివేశారు. ఇప్పుడు "ఇంటెల్ ప్రాసెసర్ ఎన్100" వంటి పేర్లు వస్తున్నాయి.

ఇటువంటి చిన్న ప్రాసెసర్‌ను చూసి భయపడవలసిన పని లేదు. ఉత్తరాలు, వ్యాసాలు రాయడానికి, పాఠాలు వినడానికి, చదువుకోవడానికి అది చాలు. వీడియోలు కత్తిరించి కూర్చడానికి, పెద్ద ఆటలు ఆడడానికి చాలదు. కనుక మీ పని ఏమిటో ముందు తేల్చుకోండి. మీ పనికి అక్కరలేని బలాన్ని వదులుకోవడం మంచి సర్దుబాటు. ర్యామ్‌ను వదులుకోవడం చెడ్డ సర్దుబాటు.

తెర, మన తెలుగు

ఈ విషయం తెలుగు చదివేవారికి మరీ ముఖ్యం. తెర మీద కనిపించే ప్రతి అక్షరమూ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. చౌక ల్యాప్‌టాప్‌లలో అడ్డంగా 1,366 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు ఉంటాయి. కొంచెం మేలైన వాటిలో 1,920, 1,080 ఉంటాయి. ఈ అంకెలను మీరే గుణించి చూడండి. మొదటిది 10 లక్షల 49 వేలు, రెండవది 20 లక్షల 73 వేలు. అంటే దాదాపు రెండింతలు. 15.6 అంగుళాల తెర మీద మొదటి రకానికి అంగుళానికి సుమారు 100 చుక్కలు వస్తాయి. రెండవ రకానికి సుమారు 141 వస్తాయి.

ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలకు తక్కువ చుక్కలున్నా ఫరవాలేదు. మన అక్షరాలకు తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు అన్నీ చిన్న చోటులో ఇమడాలి. "రాష్ట్రం", "స్త్రీ", "లక్ష్మి" అన్న మాటలు చుక్కలు చాలని తెర మీద మసకగా కనిపిస్తాయి. ఒత్తు ఏదో గుర్తుపట్టలేని పిల్లలు తప్పుగా చదువుతారు. తప్పు పిల్లలది కాదు, తెరది. కనుక దుకాణంలో తెలుగు పేజీ ఒకటి తెరిపించి, ఈ మూడు మాటలు వెతికి చదివి చూడండి. తరువాత కొంచెం పక్కకు జరిగి చూడండి. పక్క నుంచి చూస్తే రంగులు మారి నల్లబడితే, ఇద్దరు కూర్చుని చదువుకోవడానికి ఆ తెర పనికిరాదు. తెరను తరువాత మార్చడం ఖర్చుతో కూడిన పని.

బ్యాటరీ లెక్క

"10 గంటల వరకు" అని ప్రకటనలో రాస్తారు. "వరకు" అన్న చిన్న మాటను గమనించండి. తెర వెలుగు తగ్గించి, తేలిక పని చేయించి చూసిన లెక్క అది. మనం గంటలను కాక వాట్-గంటలను చూడాలి. బ్యాటరీ 40 వాట్-గంటలది అనుకుందాము. మన పనికి ల్యాప్‌టాప్ 8 వాట్లు వాడుకుంటే 40ని 8తో భాగించండి. 5 గంటలు వస్తుంది.

ఫోనుకు తగిలించే పవర్ బ్యాంకు లెక్క కూడా ఇటువంటిదే. దాని మీద 10,000 మిల్లీ యాంపియర్-గంటలు అని ఉంటుంది. మన ఫోను బ్యాటరీ 5,000 అయితే రెండుసార్లు నిండుతుందని అనుకుంటాము. నిండదు. ఆ 10,000 అన్నది లోపలి 3.7 వోల్టుల దగ్గర లెక్క. అంటే 37 వాట్-గంటలు. బయటకు వచ్చేది 5 వోల్టుల దగ్గర. 37ని 5తో భాగిస్తే 7.4, అంటే 7,400 మిల్లీ యాంపియర్-గంటలు మాత్రమే. వోల్టులు మార్చడంలో వేడి రూపంలో ఇంకా కొంత పోతుంది. మొత్తం మీద ఒకటిన్నర సార్లు నిండితే అది మంచి పవర్ బ్యాంకు అనుకోవచ్చు.

కంటికి కనిపించని ఆయుర్దాయం

యంత్రం చెడిపోకపోయినా దాని ఆయుర్దాయం తీరిపోవచ్చు. దొంగలు రాకుండా తలుపుకు ఎప్పటికప్పుడు కొత్త గడియలు బిగించినట్లు, తయారీ సంస్థలు కంప్యూటరుకు, ఫోనుకు భద్రతా సవరణలు పంపుతూ ఉంటాయి. కొన్నాళ్ళకు మానివేస్తాయి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత ల్యాప్‌టాప్ చౌకగా దొరికితే అది విండోస్ 11కు తగినదేనా అని చూడాలి. ఇంటెల్ ప్రాసెసరు ఉన్నవాటిలో సాధారణంగా 8వ తరం నుంచి పైవాటికి మాత్రమే ఆ అర్హత ఉన్నది.

క్రోమ్‌బుక్ అనే చౌక రకం ఉన్నది. 2021 నుంచి వచ్చిన నమూనాలకు గూగుల్ సంస్థ 10 సంవత్సరాల పాటు సవరణలు ఇస్తున్నది. కాని ఆ పదేళ్ళు మీరు కొన్న రోజు నుంచి మొదలుకావు. ఆ నమూనా వెలువడినప్పటి నుంచి లెక్క. నాలుగేళ్ళ కిందటి నమూనాను ఈరోజు కొంటే మీకు మిగిలేది ఆరేళ్ళే. పాలపొట్లం మీద తేదీ చూసినట్లే దీనికీ తేదీ చూడాలి.

పైన పటారం

"పైన పటారం, లోన లొటారం" అని మనవారు అంటారు. చిన్న వస్తువులలో ఇది ఎక్కువ. కొన్ని చౌక ఫోన్ల పెట్టె మీద 8 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. కింద చిన్న అక్షరాలతో "4+4" అని ఉంటుంది. అసలు ర్యామ్ 4 మాత్రమే. మిగిలిన 4 బీరువాలో కొంత చోటు తీసి బల్లగా వాడుకునేది. అది అసలు ర్యామ్ అంత వేగంగా పనిచేయదు.

ఊహించలేనంత తక్కువ ధరకు అమ్మే పెద్ద పెన్‌డ్రైవ్‌లు మరీ ప్రమాదం. కొన్ని నకిలీ వాటిలో అసలు చోటు కొంచెమే ఉండి, కంప్యూటరుకు మాత్రం ఎక్కువ ఉన్నట్లు చూపుతాయి. మీరు పెళ్ళి ఫొటోలన్నీ దాచుకున్నామని అనుకుంటారు. తెరిచి చూస్తే సగం ఉండవు.

ఛార్జర్ దగ్గర మాత్రం చౌకకు పోకండి. నాసిరకం ఛార్జర్ వేడెక్కి కాలిపోవచ్చు. భారతదేశం వెళ్ళినప్పుడు అక్కడ వస్తువు కొనేవారు మన ఇళ్ళలో చాలామంది ఉన్నారు. ఛార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే ఇక్కడ కూడా పనిచేస్తుంది. పిన్నులు మన గోడకు సరిపోతాయా, హామీ మారిషస్‌లో చెల్లుతుందా అని అడిగి తెలుసుకోవాలి. అక్కడ మాత్రమే చెల్లే హామీ ఇక్కడ కాగితం ముక్క.

వస్తువును కంటితో చూడకుండా తెప్పించుకునేవారు కూడా ఆలోచించాలి. గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడితే కాళ్ళు కుంటివో కావో ఎలా తెలుస్తుంది? నచ్చకపోతే తిరిగి తీసుకుంటారా అని ముందే అడగాలి.

వాయిదాల లెక్క

ఇప్పుడు మళ్ళీ నా ల్యాప్‌టాప్ దగ్గరకు వద్దాము. నెలకు 800, 24 నెలలు. గుణిస్తే 19,200. రొక్కం ధర 15,000. తేడా 4,200 రూపాయలు. దుకాణంలో నేను 800 అన్న అంకెను చూశాను గాని 19,200ను చూడలేదు. పైగా ఆ 4,200 చేర్చి ఉంటే అప్పుడే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న రకం వచ్చేది. అంటే నేను మంచిదాని ధర పెట్టి చౌకదానిని కొన్నాను.

వాయిదాలు చెడ్డవని నేను అనను. చేతిలో డబ్బు లేనివారికి చదువు ఆగకూడదు. కాని మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: రొక్కం ధర, వాయిదాల మొత్తం, ఆ వస్తువు ఎన్ని సంవత్సరాలు పనికి వస్తుంది అన్నది. మొత్తాన్ని సంవత్సరాలతో భాగించండి. 19,200 పెట్టి రెండేళ్ళు వాడితే ఏడాదికి 9,600. అదే 20,000 పెట్టి ఐదేళ్ళు వాడితే ఏడాదికి 4,000. ఏది చౌక? మీరే చెప్పండి.

రెండవసారి

2024లో మా అమ్మాయి రెద్వీలోని విశ్వవిద్యాలయంలో చేరింది. మళ్ళీ ల్యాప్‌టాప్ కావలసి వచ్చింది. ఈసారి ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద రాసుకున్నాము. కావలసినవి ఒక వైపు, వదులుకోదగినవి ఒక వైపు. తరువాత ఒక ఆఫీసులో వాడి, శుభ్రం చేసి అమ్ముతున్న పాత ల్యాప్‌టాప్ చూశాము. 8వ తరం ప్రాసెసరు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. మూత మీద గీతలున్నాయి. బరువు ఎక్కువ. బ్యాటరీ గంటసేపే నిలిచేది. దుకాణంలోనే మూత విప్పించి, ర్యామ్‌కు ఇంకొక ఖాళీ చోటు ఉన్నదని చూసుకున్నాము. తెలుగు పేజీ తెరిచి ఒత్తులు చదివాము. ఆరు నెలల హామీ కాగితం మీద రాయించుకున్నాము. కొత్త బ్యాటరీ వేయించుకున్నా మొత్తం ఖర్చు మొదటిదాని కంటె తక్కువే అయింది.

ఆ బరువు మోస్తూ బస్సు ఎక్కేటప్పుడు మా అమ్మాయి ఇప్పటికీ విసుక్కుంటుంది. ఆ విసుగు ఉంటుందని ఆమెకు ముందే తెలుసు. తెలిసి ఒప్పుకున్న లోటు అది. మొదటి ల్యాప్‌టాప్ లోటు మాత్రం తెలియక నెత్తిన పెట్టుకున్నది.

విద్యార్థులారా! మీ ఇళ్ళలో పెద్దవారు ఇటువంటి వస్తువు కొనబోతుంటే మిమ్మల్ని అడుగుతారు, "నీకు తెలుసు కదా, ఏది మంచిది?" అని. అప్పుడు రంగు చూసి, పేరు చూసి చెప్పకండి. నాన్నగారు ఎన్ని గంటలు అదనంగా పనిచేస్తే ఆ డబ్బు వచ్చిందో గుర్తుంచుకోండి. పెట్టె తిప్పి, చిన్న అక్షరాలు చదివి, మూడు ప్రశ్నలు అడిగి, ఆ తరువాత చెప్పండి.

ప్రశ్నలు

1. ర్యామ్‌ను బల్లతో, నిలువ స్థలాన్ని బీరువాతో ఎందుకు పోల్చారు? మీరు మరొక పోలిక చెప్పండి.
2. చౌక వస్తువు కొనేముందు వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఏవి?
3. తెలుగు చదివేవారికి తెర మీద ఎక్కువ చుక్కలు ఎందుకు కావాలి?
4. ఒక ఫోను రొక్కం ధర 9,000 రూపాయలు. వాయిదా నెలకు 650 చొప్పున 18 నెలలు. ఎంత ఎక్కువ కట్టాలి?
5. మీ ఇంట్లో ఉన్న ఒక వస్తువు పెట్టెను తీసి, దాని మీద చిన్న అక్షరాలతో ఉన్న వివరాలు చదవండి. అందులో ఏమి తగ్గించారో మీ అమ్మానాన్నలకు తెలుగులో వివరించి, పది వాక్యాలు రాయండి.